మన పిల్లల దిగులును ఏ భాషలో అడుగుతున్నారు?

గుడియాత్తం, పేర్ణాంబట్టు, కాట్పాడి ప్రాంతాలలోని తెలుగు ఇళ్ళకు ఇటీవలి సంవత్సరాలలో ఒక కొత్త రకం కాగితం రావడం మొదలయింది. బడికో కళాశాలకో వెళ్ళివచ్చిన బిడ్డ సంచిలోనుంచి తీసి తండ్రి చేతికిస్తాడు. విశ్వవిద్యాలయం వారు పరిశోధన చేస్తున్నారట, విద్యార్థుల మానసిక క్షేమం గురించీ చదువు సాగే తీరు గురించీ కొన్ని ప్రశ్నలు అడుగుతారట, అందుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలట. ఒక పుట నిండా ఇంగ్లీషు, దాని వెనుక తమిళం, అడుగున సంతకానికి ఒక గీత. మగ్గం దిగి వచ్చిన తండ్రి "ఎక్కడ పెట్టాల?" అని మాత్రం అడుగుతాడు. సంతకం పడుతుంది. కాగితం వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోతుంది.

దీని గురించి మా వైపు తెలుగువారిలో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. మన ఇంటి సంగతులు ఊరివాళ్ళకెందుకు, ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు అంటున్నారు. భాషాభిమానం గల యువకులు కొందరు, మన భాషలో అడగని వారికి జవాబు చెప్పనవసరం లేదు, బహిష్కరిద్దాం అంటున్నారు. ముప్పై ఏళ్ళు ఈ తాలూకాలో బడిపిల్లల మధ్య గడిపినవాడిగా నాకు ఈ రెండూ సమ్మతం కావు. మన పిల్లలు ఈ పరిశోధనలలో పాల్గొనాలి. అయితే తెలుగు బిడ్డలుగా పాల్గొనాలి. పాల్గొనకపోతే కలిగే నష్టం ఒకటి, తెలుగువాళ్ళమని నమోదు కాకుండా పాల్గొంటే కలిగే నష్టం మరొకటి. రెండోదాని గురించి మనం ఇంతవరకు ఆలోచించలేదు.

పరిశోధన అనగానే ఎవరో పట్టా కోసం రాసుకునే పుస్తకమని తేలికగా కొట్టిపారేయకూడదు. వేలూరు ఆ విషయంలో సామాన్యమైన ఊరు కాదు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల నేటి క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగింది. 1984లో ఇంజనీరింగు కళాశాలగా మొదలైన విఐటి నేడు విశ్వవిద్యాలయం. 2002లో తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇన్ని విద్యాసంస్థలున్న చోట ప్రశ్నాపత్రాలు పట్టుకొని తిరిగే పరిశోధకులకు కొదవ ఉండదు. వారి పని వల్ల ఏమి ఒరుగుతుందో తెలియాలంటే కణియంబాడి సంగతి చెప్పుకోవాలి.

కణియంబాడి వేలూరుకు ఆనుకొని దక్షిణాన ఉన్న అభివృద్ధి బ్లాకు. జనాభా అప్పట్లో లక్షా ఎనిమిది వేలు. క్రైస్తవ వైద్య కళాశాల సామాజిక ఆరోగ్య విభాగం వారు అక్కడ ఏళ్ళ తరబడి ప్రతి పుట్టుకనూ ప్రతి మరణాన్నీ నమోదు చేస్తూ వచ్చారు. ఊరి ఆరోగ్య కార్యకర్త, నర్సు, డాక్టరు వరుసగా ఆ ఇంటికి వెళ్ళి, చనిపోయినవారి కుటుంబంతో కూర్చుని మాట్లాడి, మరణానికి కారణమేమిటో నిర్ధారించేవారు. ఆ విధంగా 1994 నుంచి 1999 వరకు లెక్క తీస్తే ఆత్మహత్యల రేటు లక్షకు 95 పైచిలుకు తేలింది. ప్రభుత్వం ప్రకటించే జాతీయ సగటుకు అది ఎన్నో రెట్లు. 2003లో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. మరుసటి సంవత్సరం లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇంకా గుండె చెదిరేది. 1992 నుంచి 2001 వరకు పదేళ్ళలో, 10 నుంచి 19 ఏళ్ళ వయసు పిల్లలలో ఏటా లక్షమంది ఆడపిల్లలకు 148 మంది, లక్షమంది మగపిల్లలకు 58 మంది ఆత్మహత్య చేసుకొని పోయారు. ఆ వయసు ఆడపిల్లల మరణాలలో సగం నుంచి ముప్పావు వంతు వరకు ఆత్మహత్యలే.

ఈ అంకెలు ప్రభుత్వ పుస్తకాలలో లేవు. ఉన్నట్టయితే పరిశోధకులు గడపగడపకూ తిరగవలసిన పని ఉండేది కాదు. కడుపుకోతలో ఉన్న తల్లులు, నలుగురికి తెలిస్తే మిగిలిన బిడ్డల పెళ్ళిళ్ళు ఆగిపోతాయేమోనని భయపడే తండ్రులు, నోరు విప్పి నిజం చెప్పారు గనుక అవి బయటికి వచ్చాయి. దక్షిణ భారతంలో పల్లెటూరి పిల్లల మనోవేదన గురించి ప్రపంచమంతా నేడు మాట్లాడుతోందంటే అందులో వేలూరు పక్కనున్న ఆ పల్లెవాసుల జవాబులకు గొప్ప భాగం ఉంది. గుట్టు, గుట్టు అనే పెద్దలకు నేను చెప్పేది ఇదే. గుట్టుగా ఉంచినంత కాలం ఆ బిడ్డలు ఏ లెక్కలోనూ లేరు.

అయితే ఆ లెక్కను మరొకసారి చూడండి. ఆడపిల్లలు ఎందరు, మగపిల్లలు ఎందరు, ఏ వయసువారు అని విడదీశారు. ఇంటి భాష ప్రకారం విడదీయలేదు. పరిశోధకులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వారి ప్రశ్న వేరు. కాని తెలుగు మాట్లాడే ఇంటి బిడ్డ తమిళ బడిలో పడే వేదన ఏదైనా ప్రత్యేకంగా ఉందా అని అడిగితే జవాబివ్వడానికి అంకె లేదు. అంకె లేనిచోట అధికారి దగ్గరికి వెళ్ళి మనం ఏమి వాదిస్తాం?

చదువు విషయంలోనూ వేలూరు బిడ్డలు ప్రపంచానికి పాఠం నేర్పినవారే. 2010-12 మధ్య వేలూరు పేటలలో పుట్టిన సుమారు 250 మంది పసికందులను మాల్-ఎడ్ అనే ఎనిమిది దేశాల పరిశోధనలో చేర్చుకున్నారు. బంగ్లాదేశ్, నేపాల్, పెరూ, టాంజానియా వంటి దేశాలలోనూ ఇదే పని జరిగింది. మొదటి రెండేళ్ళు వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి బిడ్డకు విరేచనాలయ్యాయా, ఏమి తిన్నది అని రాసుకున్నారు. తరువాత బిడ్డ పెరిగి బడి వయసుకు వచ్చినప్పుడు తెలివితేటలను పరీక్షించారు. పసితనపు పోషణకూ, ఇంటి వాతావరణానికీ, బడి వయసులోని గ్రహణశక్తికీ ఉన్న సంబంధం గురించి దీనినుంచి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వారానికి రెండుసార్లు పరాయివారికి తలుపు తీయడం ఎంత ఓర్పుతో కూడిన పనో కూలికి వెళ్ళే తల్లికే తెలుసు. అంత ఓర్పుతో ఇచ్చిన సమాచారంలో ఇంటిభాష అనే గడి తప్పక ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

ముందుముందు ఇటువంటి కాగితాలు ఇంకా ఎక్కువగా వస్తాయి. ఎన్‌సిఇఆర్‌టి వారు 2022లో దేశమంతటా సుమారు 3,79,000 మంది బడిపిల్లలను మానసిక క్షేమం గురించి ప్రశ్నించారు. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని నూటికి 81 మంది చెప్పారు. తరగతిలో ప్రశ్న అడగడానికి జంకుతామని 28 మంది చెప్పారు. 2025 మార్చి 24న సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థుల మానసిక స్థితినీ ఆత్మహత్యలనూ పరిశీలించడానికి మాజీ న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. ఆ కార్యదళమూ విద్యార్థులను, తల్లిదండ్రులను, అధ్యాపకులను ప్రశ్నలు అడిగింది. పైన చెప్పిన ఆ 28 మందిలో జంకు ఎంతమందికి స్వభావం వల్ల కలిగింది, ఎంతమందికి నోటికి భాష రాక కలిగింది? బడిలో పనిచేసినవారెవరికైనా ఈ సందేహం రాక మానదు. ఇంటి దగ్గర గలగల మాట్లాడే పిల్ల తరగతిలో మూగనోము పట్టడం నేను కళ్ళారా చూశాను.

ఇక్కడ వేలూరుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వేలూరు కళాశాలలలో తెలుగు విద్యార్థులు అనగానే ఆంధ్రప్రదేశ్ నుంచి, తెలంగాణ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు అందరికీ గుర్తుకొస్తారు. వారు వేలమంది. వారి భాష తెలుగని వారికీ తెలుసు, కళాశాలకూ తెలుసు. వారి దిగులు ఇల్లు విడిచి వచ్చిన దిగులు. మన పిల్లలు ఇక్కడివారే. బడి సర్టిఫికెట్టులో మాతృభాష ఎదుట గుమాస్తా ఏది రాస్తే అదే. ప్రశ్నాపత్రంలో "స్వరాష్ట్రం తమిళనాడు" అని గుర్తు పెట్టగానే భాష కూడా తమిళమే అయిపోతుంది. ఆ విధంగా గుడియాత్తం తెలుగు బిడ్డ తమిళుల లెక్కలో కలిసిపోతాడు, విజయవాడ బిడ్డ తెలుగువారందరికీ ప్రతినిధి అవుతాడు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైనే. వారి పిల్లల గురించి తెలియాలంటే హాస్టలు గదులలో వెదికితే సరిపోదు. ఇందులో మరీ అన్యాయమైపోయేది అరుంధతీయుల పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ బిడ్డలు కులం గడిలో మాత్రం కనిపిస్తారు, భాష గడిలో కనిపించరు. వారు చదువులో వెనుకబడితే కారణం పేదరికమనీ వివక్ష అనీ రాస్తారు. అవి నిజమే. మూడో కారణాన్ని అడిగినవారు లేరు.

మనసును అడగడంలో ఉండే చిక్కు దీనికంటె లోతైనది. పరిశోధకులు వాడే ప్రశ్నావళులు చాలావరకు బయటినుంచి వచ్చినవి. ఇంగ్లండులో డేవిడ్ గోల్డ్‌బర్గ్ తయారుచేసిన పన్నెండు ప్రశ్నల ఆరోగ్య ప్రశ్నావళి ఒకటి. అమెరికాలో పుట్టిన పిహెచ్‌క్యూ-9 మరొకటి. దానిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాలలో ఆ బాధ ఎన్ని రోజులు కలిగిందో దాన్నిబట్టి ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 27లో 10కి చేరితే ఇంకా లోతుగా చూడవలసిన మనిషి అని భావిస్తారు. ఇటువంటి ప్రశ్నలను అనువదించేటప్పుడు ఒకరు తర్జుమా చేస్తారు, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండు ఇంగ్లీషులనూ పోల్చి చూస్తారు. మంచి పద్ధతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నాణ్యతను కొలిచే ప్రశ్నావళిని తయారుచేసినప్పుడు ఒక అడుగు ముందుకు వేసి, పదిహేను కేంద్రాలలో ఒకేసారి, అక్కడి జనంతో మాట్లాడి ప్రశ్నలను రూపొందించింది. మన దేశంలో ఆ కేంద్రాలు రెండు, మద్రాసు, న్యూఢిల్లీ. కనుక తమిళానికీ హిందీకీ ఆదినుంచే చోటు దక్కింది. ఏ భాషవారు ముందుగా కూర్చుంటే ఆ భాష మాటలలో మనసు నిర్వచనం పొందుతుంది.

ఇప్పుడు మా ఇళ్ళలో మాటలు చూడండి. దిగులు, బెంగ, యాష్ట, బేజారు. ఇవి నాలుగూ ఒకటి కావు. దిగులుకు కారణం చెప్పలేకపోవచ్చు. బెంగ మనిషి మీదనో ఊరి మీదనో పెట్టుకునేది. యాష్టలో విసుగూ అలసటా రెండూ కలిసి ఉంటాయి. తమిళ ప్రశ్నాపత్రం "మన అళుత్తం" అని ఒక్క మాటతో అడుగుతుంది. కళాశాల బిడ్డకు ఆ మాట తెలుసు, పోస్టర్ల మీద చూసింది. కాని రాత్రి అమ్మ పక్కన పడుకుని ఆ మాటతో ఏడవదు. మరొక మాట ఉంది. మా వైపు బిడ్డ "ఒక మాదిరిగా ఉంది" అన్నదంటే ఒంట్లోనో మనసులోనో ఏదో తేడాగా ఉందని తల్లి వెంటనే గ్రహించి నొసటి మీద చేయి వేస్తుంది. తమిళ పలుకుబడి మా తెలుగులోకి వచ్చి స్థిరపడిన తీరు అది. అదే మాటకు విజయవాడలో "పరవాలేదు, మధ్యస్థంగా ఉంది" అని అర్థం. అక్కడినుంచి వచ్చిన పరిశోధకుడు మా బిడ్డ జవాబును ఎంతో బాగుందన్న గడిలో కాకపోయినా, బాధ లేదన్న గడిలో వేస్తాడు. "అవసరం" అనే మాట సంగతీ అంతే. తెలుగులో కావలసి ఉండడం, తమిళంలో తొందర. సరిహద్దు బిడ్డ ఏ అర్థంలో విన్నదో ప్రశ్న అడిగినవాడికి తెలియాలి కదా!

బహిష్కరిద్దాం అనే మిత్రులకు కొంచెం కఠినంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. ప్రశ్నాపత్రాన్ని తెలుగు అక్షరాలలో అచ్చువేసి ఇమ్మని కోరితే సమస్య తీరదు. మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. పదో తరగతిలో తమిళ పరీక్షనుంచి మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు పలుమార్లు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటికి మినహాయింపును పొడిగించింది. ఈ మధ్యకాలంలో బడికి వెళ్ళిన తరం చేతికి తెలుగు అక్షరాల కాగితమిస్తే తిప్పి తిప్పి చూసి, తమిళ కాగితమే ఇవ్వండి సార్ అంటుంది. పరిశోధకుడు "వీరికి తెలుగు అక్కరలేదట" అని రాసుకుని వెళ్ళిపోతాడు. కనుక మనం అడగవలసింది తెలుగులో నోటితో అడిగే మనిషిని. గుడియాత్తం, పలమనేరు, చిత్తూరు వైపు తెలుగు తెలిసిన పరిశోధక విద్యార్థిని పక్కన కూర్చుని, ప్రశ్నను బిడ్డ మాటలలో అడిగి, జవాబును బిడ్డ మాటలలోనే రాసుకోవాలి. కౌండిన్య నది పలమనేరు కొండల నుంచి దిగి గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. ఆ రెండు ఊళ్ళ మాటా దాదాపు ఒకటే. అటువంటి మనిషి దొరకడం వేలూరులో కష్టం కాదు.

చదువును కొలిచేటప్పుడు భాషను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యం చాలు. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే ఇళ్ళనుంచి వచ్చిన తొమ్మిదిమంది పిల్లలను ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి, మందబుద్ధులని తేల్చి, వేరే తరగతిలో కూర్చోబెట్టారు. వారి తరఫున 1970లో డయానా కేసు నడిచింది. రెండు భాషలూ తెలిసిన వ్యక్తి స్పానిష్‌లో తిరిగి పరీక్షిస్తే వారిలో ఎక్కువమంది మామూలు పిల్లలేనని తేలింది. ఇకమీదట పిల్లలను వారి ఇంటిభాషలో కూడా పరీక్షించాలని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకొన్నది. మన బడులలో ఎవరూ ఇంత దూరం పోలేదు. కాని "నెమ్మదస్తుడు", "చురుకు తక్కువ", "గ్రహణశక్తి సగటుకు లోపు" అనే ముద్రలు మన పిల్లల మీద ఎన్ని పడ్డాయో, వాటిలో భాష పాలు ఎంతో, ఇంటిభాష గడి లేనంత కాలం తెలియదు.

ఇక సంతకం మాట. సంతకాన్ని తేలికగా తీసుకోకూడదని మన తెలుగు నేల మీదనే ఒక చేదు ఉదాహరణ ఉంది. అది మానసిక క్షేమానికి సంబంధించినది కాదు, టీకాకు సంబంధించినది. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఒక ప్రయోగ పథకం కింద హెచ్‌పివి టీకాలు వేశారు. వారిలో చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో పథకం ఆగిపోయింది. విచారణలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా విమర్శించింది. బిడ్డ తరఫున సమ్మతి చెప్పవలసినవారు తల్లిదండ్రులు. వారికి అర్థమయ్యే భాషలో చెప్పకుండా తీసుకున్న సమ్మతి, వార్డెన్ చేసిన సంతకం కంటె ఏ విధంగా మేలైనది?

భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పరిశోధన గురించిన సమాచారం పాల్గొనే వ్యక్తికి తెలిసిన భాషలో ఇవ్వాలి. చదువు రానివారికి నిష్పాక్షికమైన సాక్షి ఎదుట చదివి చెప్పాలి. బిడ్డకు ఏడేళ్ళు దాటితే తల్లిదండ్రుల సమ్మతితోపాటు బిడ్డ అంగీకారం కూడా కావాలి, పన్నెండు దాటితే ఆ అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, మానుకోవచ్చు. మానుకున్నందుకు మార్కులలోగాని వైద్యంలోగాని ఏ నష్టమూ కలగకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైతే, సమాచారం అడిగేవారు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గాని ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే వీలు కల్పించాలని చెప్పింది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నదని మన పాఠకులకు వేరే చెప్పాలా! కొన్ని షరతులకు లోబడి పరిశోధనలకు ఆ చట్టం సడలింపు ఇచ్చిన మాటా నిజమే. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. కాబట్టి ఆ ఒక్క చట్టాన్నే పట్టుకుని వేలాడడం తెలివైన పని కాదు. వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలే మనకు బలమైన ఆధారం.

కొద్దికాలం కింద మా వీధిలోని ఒక ఇంటికి ఇటువంటి కాగితం వచ్చింది. ఏ కళాశాలనుంచి వచ్చిందో చెప్పను, చెప్పవలసిన పనీ లేదు. ఆ ఇంటాయన నా దగ్గరికి తెచ్చి "ఏముంది సారూ ఇందులో, చూసి చెప్పండి" అన్నాడు. చదివి చెప్పాను. బిడ్డకు నిద్ర పడుతోందా, ఇంట్లో కొట్లాటలున్నాయా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడుగుతారని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "ఇదంతా అడుగుతారని నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు. కాగితంలో అంతా రాసే ఉంది. ఆయనకు రాని భాషలలో రాసి ఉంది. మరునాడు కళాశాలకు వెళ్ళి, తెలుగులో చెప్పేవారు వస్తే ఒప్పుకుంటానని చెప్పి వచ్చాడు. వారు మరొకరిని చూసుకున్నారు. ఒక్క ఇంటివాడు అడిగితే జరిగేది అదే. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, విశ్వవిద్యాలయం విషయంలో నలుగురూ కలిసి అడగాలి.

ప్రతి పరిశోధనకూ ముందు సంస్థలోని నైతిక సంఘం అనుమతి ఇవ్వాలి. ఆ సంఘంలో వైద్యులూ శాస్త్రజ్ఞులూ కాక న్యాయం తెలిసినవారు ఒకరు, సామాన్య జనం తరఫున ఒకరు ఉంటారు. మన సంఘాలు విజ్ఞాపనలు పంపవలసింది ఆ సంఘాలకు. పరిశోధకుడు వచ్చి నిలబడినప్పుడు వాదించడం ఆలస్యమైన పని. పాపం, అతడు మార్గదర్శకుడు ఇచ్చిన కాగితం పట్టుకొచ్చిన విద్యార్థి. గుడియాత్తం తాలూకాలోనో కాట్పాడి తాలూకాలోనో పిల్లలమీద చేసే ఏ అధ్యయనంలోనైనా ఇంటిభాష ఏదని అడగాలనీ, తెలుగు అన్నవారికి తెలుగు మాట్లాడే మనిషిని పంపాలనీ, ఫలితాలను ఆ భాష ప్రకారం కూడా విడదీసి చూపాలనీ ముందే కోరాలి. ఆఖరిది మరచిపోతే మొదటి రెండూ దండగ. తల్లిదండ్రులు తమవంతుగా సమ్మతి పత్రం నకలు ఒకటి ఇంట్లో పెట్టుకోవాలి. దాని మీద నైతిక సంఘం చిరునామా ఉంటుంది.

పెద్దల భయాన్ని నేను కొట్టిపారేయను. ఆడపిల్ల "మనసు బాగలేదు" అని ఎక్కడో రాసిందని తెలిస్తే సంబంధాలు తప్పిపోయే ఊళ్ళు మనవి. అందుకే పేర్లు ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, జవాబులను తరగతి ఉపాధ్యాయునికి చూపుతారా అని మొహమాటపడకుండా అడగాలి. చూపుతామంటే పాల్గొనవద్దు. ఇంకొకటి. మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు, డాక్టరు చూసి తేల్చాలి. ప్రశ్నలు అడిగేటప్పుడు బిడ్డ నిజంగా ప్రమాదంలో ఉన్నదని తెలిస్తే వెంటనే ఎవరి దగ్గరికి పంపుతారో పరిశోధకులు ముందే చెప్పగలగాలి. చెప్పలేనివారికి ఆ ప్రశ్న అడిగే అర్హత లేదు. పరిశోధన ఉన్నా లేకపోయినా, 14416 అనే టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఆ సేవ తెలుగుతో సహా ఇరవై భాషలలో లభిస్తుంది. గోడమీద రాసి ఉంచుకోదగిన నంబరు.

నేనూ, రిటైరైన మరి ఇద్దరు ఉపాధ్యాయులూ, వేలూరులో మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా వీధి అమ్మాయి ఒకతె, కలిసి ఒక చిన్న పని మొదలుపెట్టాము. గుడియాత్తం చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పిల్లలు తమ బాధను చెప్పుకునే మాటలను ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాము. మాట, ఏ ఊరు, ఎవరు ఎప్పుడు అంటారు, దానికి దగ్గరి తమిళ మాట ఏది, అని నాలుగు వరుసలు. వీధిలో నేసేవారు అనే మాటలు వేరు, బీడీలు చుట్టే ఇళ్ళలో వేరు, అగ్గిపెట్టెల పనికి వెళ్ళే ఆడవాళ్ళు అనేవి వేరు. ప్రశ్నావళిని తెలుగు చేసే పరిశోధకుడు ఎవరు వచ్చినా ఆ పుస్తకం చేతికిద్దామని మా ఉద్దేశం. ఈ పత్రిక చదివే హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు కుటుంబాలవారు తమ ఇంటి మాటలను ఒక పోస్టుకార్డు మీద రాసి పత్రిక చిరునామాకు పంపితే వాటినీ అందులో చేరుస్తాము. మాటతోపాటు దాన్ని అన్న బిడ్డ వయసూ, ఏ తరగతి చదువుతున్నదీ రాయండి. పేరు రాయవద్దు.